హోళీ రంగులు - చర్మ కేశ సంరక్షణము
(ప్రసంగ పాఠము)



కొత్తవలస నుండి కిరందుల్ వరకు గల రైలు మార్గము పొడవు సుమారు 446 కిలోమీటర్లు. అది అనంతగిరి కొండల నెక్కి, అరకులోయను దాటి, కోరాపుట్టు, జయపురముల మీదుగా జగదల్పూరు చేరి, దంతెవాడ, బచేలీలను పలకరించి, బైలదిల కొండల పాదమున ఆగును. బైలదిల యనగా ఎద్దు మూపురమని అర్థము. ఫాల్గుణ మాసమున ఈ దారిని ప్రయాణము చేసినవారు ఒక దృశ్యమును మరువజాలరు. ఆకు రాలి మోడువారిన అడవిలో మోదుగ చెట్లు మాత్రము నిప్పు రాజుకొన్నట్లు పూచియుండును. హిందీవారు దానిని పలాశమనియు, టేసూ అనియు అందురు. ఛత్తీస్‌గఢీలో పర్సా. తెలుగునాట విస్తరాకునకు మోదుగ నెరుగని ఇల్లు ఒకప్పుడు లేకుండెను. ఆ పూవే హోళీకి మొదటి రంగు. నేడు ఆ పూవు చెట్టుననే యుండగా, పండుగ రంగు మాత్రము పొట్లములలో అంగడి నుండి వచ్చుచున్నది. ఈ ప్రసంగమునకు మూలము ఆ మార్పే.

తెలుగువారికి బస్తరు కొత్త సీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు వచ్చి రాజ్యము స్థాపించెననియు, దంతేశ్వరీదేవి ఆయన వెంట నడచివచ్చెననియు బస్తరు రాజవంశపు సంప్రదాయము చెప్పుచున్నది. దక్షిణమున కుంట, భోపాల్‌పట్నము ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వినవచ్చును. ఇక 1960ల నుండి ఇనుపరాతి గనులు, రైలుమార్గము, విశాఖ రేవు ఒకదానితో నొకటి ముడివడిన తరువాత ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబములకు లెక్కలేదు. కాలనీలలో పుట్టిన పిల్లలు ఇంటిలో తెలుగును, బడిలో హిందీని, సంతలో హల్బీని పలుకుదురు. వారికి సంక్రాంతి ఎంతటి పండుగయో హోళీయు అంతటి పండుగయే.

ఈ సీమలో హోళీ ఒక్కనాటి వేడుక కాదు. దంతెవాడలో ఫాగున్ మడై యను జాతర సుమారు పది దినములు సాగి ఫాల్గుణ పూర్ణిమతో ముగియును. చుట్టుపట్ల గ్రామముల దేవతలు తమ గుడుల నుండి బయలుదేరి దంతేశ్వరి సన్నిధికి వత్తురు. లమ్హామార్, కోడ్రీమార్, చీతల్‌మార్, గఁవర్‌మార్ అని వేటను అభినయించు నృత్యములు రాత్రులందు జరుగును. కుందేలు మొదలుకొని అడవిదున్న వరకు ఆ వేటలో వచ్చును. జగదల్పూరుకు సమీపమున మాడ్పాల్ అను గ్రామము కలదు. పురుషోత్తమదేవ మహారాజు పూరీ జగన్నాథ యాత్ర నుండి తిరిగివచ్చుచు ఫాల్గుణ పూర్ణిమనాడు అచట విడిదిచేసి హోళిక వెలిగించెననియు, నాటి నుండి మొదటి హోళిక మాడ్పాల్‌లో రగిలిన తరువాతనే జగదల్పూరులో రగులుననియు పెద్దలు చెప్పుదురు.

తెలుగునాట వసంతోత్సవ చరిత్రయు చిన్నది కాదు. కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఆయన వసంతోత్సవములకు వలసిన కర్పూరము మొదలగు సుగంధద్రవ్యములను ద్వీపాంతరముల నుండి తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఈ సెట్టికే. నాడు ఒకరిపై నొకరు చల్లుకొన్నది పరిమళము. సామాన్యుల ఇండ్లలో పెండ్లి చివర ఆడు వసంతములకు పసుపు నీటిలో చిటికెడు సున్నము కలిపిరి. తెలంగాణమున కాముని పున్నమకు పిల్లలు జాజిరి ఆడి, మోదుగపూల నీరు చిమ్ముకొనిరి. కోస్తా అడవులలో సిందూరి చెట్టు కాయల మీది ఎర్రని పొడిని దులిపి తెచ్చిరి. ఆ పొడికే వసంతగుండ యని పేరు. చెట్టునకే పండుగ పేరు పెట్టిన జాతి తెలుగుజాతి.

మరి అంగడి పొట్లములో నున్నది ఏమి? దీని కథ లండనులో మొదలైనది. 1856లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి మలేరియా మందగు క్వినైనును కృత్రిమముగా చేయబూని, అది సాధ్యముకాక, తారు నుండి ఊదారంగును పుట్టించెను. మలేరియా మాట బస్తరు నివాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ జ్వరమునకు మందు వెదకబోయిన చేతికి రంగు దొరకుట ఒక విచిత్రము. పెర్కిన్ వెనుక జర్మనీ రసాయనజ్ఞులు వరుసగా రంగులు తీసిరి. 1877లో మాలకైట్ గ్రీన్, 1883లో ఆరమిన్, 1887లో రోడమిన్ బి వెలువడినవి. మొదటిది పచ్చ, రెండవది పసుపు, మూడవది గులాబి. ఇవన్నియు పట్టు, ఉన్ని, తోలు, కాగితము మొదలగు వానికై పుట్టినవి. మనిషి ముఖమునకై పుట్టినది వీనిలో ఒక్కటియు లేదు. చౌకగా దొరకుటచే, చిటికెడు వేసిన బిందెడు నీరు రంగెక్కుటచే, ఇవి పండుగ అంగడికి చేరినవి. రోడమిన్ బి ఇంకొక దారిని పిల్లల నోటికిని చేరినది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము పీచుమిఠాయిలో ఈ రంగును కనుగొని, దాని అమ్మకమును నిషేధించినది.

హోళీ రంగులలో సీసము, పాదరసము, మైలుతుత్తము కలవని ఏటేట పత్రికలలో ఒక పట్టిక అచ్చగుచుండును. అట్టి ఖనిజ విషములు కలిసిన సరకు దొరకవచ్చును గాని, ఆ పట్టికనే పట్టుకొని కూర్చుండుట మంచిది కాదు. ఆకుపచ్చ రంగనగానే మైలుతుత్తమని భయపడువారు మాలకైట్ గ్రీన్ పేరు విననే వినరు. దాని పేరులో రాగి ఖనిజము పేరున్నది గాని దానిలో రాగి లేదు. అయినను కంటికి శత్రువు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధనలో హోళీ రంగుల వలన కంటికి కలుగు అపాయమును పరీక్షించి, ఈ మాలకైట్ గ్రీన్‌నే ప్రత్యేకముగా హెచ్చరించిరి. కంటి నల్లగ్రుడ్డు మీది పలుచని పొరను అది దెబ్బతీయును.

చర్మము మాటకు వత్తము. 2009లో కలకత్తా చర్మవైద్యులు హోళీ తరువాత తమ యొద్దకు వచ్చిన 42 మంది రోగులను గూర్చి వ్రాసిరి. ఎక్కువమంది మొర దురద. చర్మముపై కనబడినది ఎక్కువగా గజ్జి వంటి వాపు, పొక్కు, రసి. ఆ వ్యాసములో గమనింపదగిన మాట మరియొకటి కలదు. కొందరి బాధకు రంగు మాత్రమే కారణము కాదు, రంగును వదలించుటకై చేసిన తోముడును కారణము. పండుగనాటి మధ్యాహ్నము కాలనీ పెరడులలో ఏమి జరుగునో ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు. పిల్లవానిని కొళాయి క్రింద నిలబెట్టి, బట్టల సబ్బు రాచి, కొబ్బరిపీచుతో తల్లి తోముచుండును. వాడు ఏడ్చుచుండును. మరునాడు బడికి పోవలెనని ఆమె తొందర. చెంపపై గులాబి చాయ పోలేదని మరల తోమును. రంగు చేయని గాయమును ఆ పీచు చేయును.

చర్మము పైపొర మృతకణముల అల్లిక. ఇటుకల నడుమ సున్నమువలె కణముల నడుమ కొవ్వు నిండియుండును. ముఖమునందు ఈ పొర మందము కాగితపు మందములో పదవ వంతో, ఐదవ వంతో ఉండును. కనురెప్పలపై మరింత పలుచన. నీటిని లోన నిలుపునది, వెలుపలి విషమును ఆపునది ఈ పొరయే. ఫాల్గుణమున బస్తరు గాలి పొడిబారి, పెదవులు, మడమలు, చేతివ్రేళ్ళ కణుపులు పగులును. పగిలిన గోడలోనికి వాన దిగినట్లు పగిలిన చర్మములోనికి రంగు దిగును. పండుగనాటి ఉదయము గడ్డము గీసికొని ఆటకు దిగుట ఇందుచేతనే తప్పు. కత్తి వెండ్రుకతో పాటు ఈ పొరను కూడ కొంత తీయును. గడ్డము ముందునాడే గీసికొనవలెను. స్త్రీలు కనుబొమలు దిద్దించుకొనుట, ముఖముపై వెండ్రుకలు తీయించుకొనుట వారము ముందు ముగించుకొనుట మేలు.

ఇచట ఇనుపరాతి సంగతి యొకటి చెప్పవలెను. గనిలో పనిచేయువారి చొక్కా, బూటు, చెవి వెనుక, వ్రేళ్ళ సందు ఏడాది పొడవున ఎర్రగానే యుండును. కొత్తగా వచ్చిన కోడలు అది చూచి మొదట బెదరుట సహజము. ఆ ఎరుపు ఇనుప భస్మము. నీటిలో కరగదు, చర్మములో దిగదు, పైన కూర్చుండి నీటికి జారిపోవును. దురదకు పూయు కాలమిన్ ద్రావకపు గులాబి చాయ కూడ ఈ ఇనుప భస్మము వలననే వచ్చినది. దానిని పీల్చుట వేరు సంగతి, ఊపిరితిత్తులకు ఆ దుమ్ము మంచిది కాదు. అంగడి గులాల్‌లోని రంగట్లు కాదు. పొడిగా నున్నంతసేపు మెత్తగా నుండి, చెమట తగిలిన మరుక్షణము కరగి వ్యాపించును. పొడి రంగుతో ఆడిన అపాయము లేదనువారు మార్చి నెల చెమటను మరచుచున్నారు.

వెండ్రుకల విషయము ఇంకను ఆసక్తికరము. తెల్లని నూలు చొక్కాపై పడిన గులాబి నాలుగు ఉతుకులకు వెలిసిపోవును. అదే గులాబి నెరసిన జుట్టుపై నెల దినములు నిలుచును. ఆఫీసులో పెద్దవారు కొందరు ఏటేట చైత్రము సగము వరకు లేత గులాబి శిరస్సుతో ఫైళ్ళపై సంతకములు చేయుట అందరు చూచినదే. కారణమేమనగా వెండ్రుకయు, ఉన్నియు ఒకే మాంసకృత్తుతో చేయబడినవి. దానికి కెరటిన్ అని పేరు. ఉన్నికై పుట్టిన రంగు వెండ్రుకను తన సొంత ఇల్లనుకొనుట వింత కాదు. పై చెప్పిన మాలకైట్ గ్రీన్, రోడమిన్ మొదలగు రంగులు ధన విద్యుదావేశము గలవి. వెండ్రుక పైభాగము, అందులోను దెబ్బతిన్న వెండ్రుక, ఋణ విద్యుదావేశము గలది. రెండును అంటుకొనును. రసాయన రంగు వేసికొన్న జుట్టు, వేడి పెట్టి సాపుచేసిన జుట్టు మరింత సులువుగా పట్టుబడును. నల్లని జుట్టులో ఇది కనబడదు గాని, తలచర్మముపై పడిన పొడి అచటనే కూర్చుండి, స్నానముచేయు ప్రతిసారి కొంత కరగి నుదుట, మెడపై, దిండు గలీబుపై దిగుచుండును.

కావున తలకు నూనె ముందు. ఏ నూనె యనగా కొబ్బరినూనె. 2003లో ప్రచురింపబడిన ఒక భారతీయ పరిశోధనలో కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, ఖనిజ నూనెను పోల్చి చూడగా, వెండ్రుక లోనికి దిగి దాని మాంసకృత్తు నష్టమును తగ్గించినది కొబ్బరినూనె యొక్కటియే. బస్తరు పల్లెలలో ఇప్పగింజల నూనెను మేనికిని, తలకును పూయుదురు. దానిని టోరా నూనె యందురు. అదియు పనికివచ్చును. ఆవనూనె ఈ ప్రాంతమున వాడుక గాని, కొందరి ముఖము దానికి మండును. అలవాటు లేనివారు పండుగనాడే దానిని తొలిసారి ప్రయత్నింపరాదు. నూనెను ఆటకు అరగంట ముందు పలుచగా రాయవలెను. తల, ముఖము, మెడ, చెవుల వెనుక, ముంజేతులు, మోకాలి క్రింది భాగము, గోళ్ళ అంచులు. పెదవులకు పెట్రోలియం జెల్లీ. కనురెప్పలపై దానినే అతి పలుచగా. మందముగా దట్టించినచో పొడి మరింత అంటుకొని ముద్దకట్టును. నూనె యనునది తడిక వంటిది, కోటగోడ కాదు. నూనెలో కరుగు రంగులను, వెండి పెయింటును అది ఆపజాలదు.

తల్లులు కూతుండ్ర జుట్టును బిగువుగా జడవేసి, ముడిచి, పైన పాత నూలుగుడ్డ కట్టవలెను. విరబోసికొని ఆడుట చిత్రములలో అందముగా నుండును. నిండు చేతుల నూలు చొక్కా, కాళ్ళ వరకు పాత పైజామా మేలు. నైలాను వంటి బట్టలు తడిసిన తరువాత ఒంటికి అంటుకొని రంగును గంటల తరబడి చర్మమునకు ఒత్తిపట్టును. కంటిలో లెన్సులు పెట్టుకొనువారు ఆనాడు వానిని తీసి కళ్ళజోడు ధరింపవలెను. మార్చి ఎండ సంగతియు మరువరాదు. పది గంటలు దాటిన పిదప మైదానములో ఆడువారి ముఖము రంగునకు కమిలినదో, ఎండకు కమిలినదో సాయంకాలము తెలియదు.

యువకులతో ఒక మాట ప్రత్యేకము. వర్క్‌షాపులోని గ్రీజు, వాడిపారవేసిన ఇంజను నూనె, అల్యూమినియం పెయింటు, స్టెన్సిలు సిరా స్నేహితుని ముఖమునకు పూయుట వేడుకగా చెల్లుచున్నది. వానిని వదలించుటకు తరువాత కిరసనాయిలుతోను, పెట్రోలుతోను తుడుచుట దానికి తోబుట్టువు. కిరసనాయిలు చర్మపు కొవ్వునంతయు తీసి మంటపెట్టును, ఒక్కొక్కప్పుడు పొక్కించును. గ్రీజును కొబ్బరినూనె రాచి, మెత్తని గుడ్డతో తుడిచి, మరల రాచి తుడిచిన వచ్చును. ఓపిక కావలెను. పెయింటు సంగతి అంత సులువు కాదు. పైపొర తానే రాలువరకు వేచియుండుట మినహా మంచి ఉపాయము లేదు.

ఆట ముగిసిన తరువాత చేయవలసిన పని వరుసలో చేసిన సగము బాధ తప్పును. నీటికి పోకముందే పొడిని దులుపవలెను. పెరటిలో తల వంచి, పొడి గుడ్డతోను, పలుచని దువ్వెనతోను ఎంత పోవునో అంత పోగొట్టవలెను. పొడిగా పోయిన రంగు పోయినట్లే. తడిసినదే పట్టునది. పిమ్మట చన్నీరు, లేదా గోరువెచ్చని నీరు. వేడినీరు వలదు. తలను వెనుకకు వాల్చి పోసికొన్నచో రంగునీరు కంటిలోనికి దిగదు. శీకాయ గాని, తేలికయైన షాంపూ గాని చాలును. కుంకుడు రసము మంచిదే గాని, అప్పటికే మండుచున్న కంటిలో అది పడిన పిల్లల అరుపులు వీధి చివరకు వినవచ్చును. మేనికి పెరుగు కలిపిన సెనగపిండిని మృదువుగా రాచి కడుగవచ్చును. చాకలిసోడా, బ్లీచింగు పొడి దరిచేరనీయరాదు. నిమ్మచెక్కతో తోముట అనేక ఇండ్లలో ఆచారము. నిమ్మరసము రాచి ఎండలోనికి పోయినచో చర్మము కమిలి నల్లని మచ్చలు పడును. వదలని చాయను వదలివేయవలెను. పైపొర రెండు మూడు వారములలో తానే మారును. బడిలో ఆనాడు అందరి చెంపలును అట్లే యుండును గనుక సిగ్గుపడవలసినది లేదు. స్నానమైన తరువాత మరల పలుచగా నూనె.

పసుపు ఆడినవారి యింట ఒక చిత్రము జరుగును. ఒంటిపై పచ్చగా నున్నది సబ్బు తగిలినంతనే ఎర్రబడును. తల్లి బెదరి, పిల్లకు ఒళ్ళు పొంగినదనుకొనును. అది దద్దురు కాదు. పసుపునకు క్షారము తగిలిన ఎరుపగుట స్వభావము. వసంతపు నీటి రహస్యమును, పారాణి రహస్యమును అదియే. సబ్బులోనిదియు క్షారమే. నీటితో కడిగిన ఆ ఎరుపు తగ్గును. అయితే వసంతములో సున్నము చిటికెడు దాటరాదు, తేరిన నీటినే వాడవలెను. సున్నపు ముద్ద కంటిలో పడుట మిక్కిలి ప్రమాదము.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. చెట్టు నుండి వచ్చినదంతయు నిరపాయమని కొందరి తలంపు. ఈ అడవులలోనే నల్లజీడి కలదు. చాకలివారు బట్టలపై గుర్తుపెట్టునది దాని రసముతోనే. ఆ రసము చర్మముపై పడిన బొబ్బలెక్కి నల్లని మచ్చ మిగులును. దూలగొండి కాయల నూగు సంగతి తుంటరి పిల్లలందరికి తెలిసినదే. మూలికా గులాల్ అని పొట్లముపై అచ్చువేయుట సులభము. ఆ మాటను చూచి కాక, చేసినవారిని చూచి కొనవలెను. ఛత్తీస్‌గఢ్‌లో మహిళా స్వయం సహాయక సంఘములవారు మోదుగపూలు, పసుపు, పాలకూర, బీట్‌రూట్‌లతో పిండిలో రంగుకట్టి అమ్ముచున్నారు. అట్టి గులాల్‌కు మిడిసిపాటు రంగు ఉండదు. మరీ మెరియు గులాల్‌లో అభ్రకపు పొడి యుండవచ్చును, అది ముఖమును గీరును. కొన్నది ఏదైనను ముందునాడు మోచేతి లోపలి వైపున కొంచెము రాచి చూచుకొనుట మంచి అలవాటు. జుట్టునకు వేసికొను నల్లరంగు పడనివారు ఈ రంగులతోను జాగ్రత్తగా నుండవలెను. ఉబ్బసము గలవారు పొడి మబ్బులో నిలువరాదు. ఏడాది నిండని పసివారికి నుదుట పసుపు బొట్టు చాలును.

రంగు కంటిలో పడినపుడు ఆలస్యము పనికిరాదు. రుద్దరాదు. రెప్పలను వ్రేళ్ళతో తెరచిపట్టి, శుభ్రమైన చన్నీటిని మెల్లగా ధారగా పదునైదు నిమిషములు పోయవలెను. పదునైదు నిమిషములనగా గడియారము చూచి, అంచనాకు కాదు. పన్నీరు, తల్లిపాలు, ఇంటిలో నిలువయున్న చుక్కమందు వేయరాదు. ఎరుపు, నొప్పి, చూపు మసక ఉన్నచో ఆ పూటనే ప్రాజెక్టు ఆసుపత్రికి తీసికొనిపోవలెను, రంగు పొట్లమును కూడ వెంటతీసికొనిపోయి వైద్యునికి చూపవలెను. నీళ్ళ బెలూను కంటికి తగిలిన దెబ్బయు ఇంతే. పైకి ఏమియు కనబడకున్నను లోపలి పొర చిరిగియుండవచ్చును. పెద్ద నగరములో నున్నవారికి ఇది ఆటోలో పోవు దూరము. కిరందుల్ నుండి జగదల్పూరు వైద్య కళాశాలకు నూరు కిలోమీటర్లకు పైబడిన ఘాటు దారి. విశాఖకైనచో రైలులో రాత్రి గడచును. ఆ దారిలో కన్ను మూసికొని కూర్చున్న పిల్లవాడిని తలచుకొన్నచో కొళాయి దగ్గరి పదునైదు నిమిషములు ఎక్కువ అనిపింపవు. చర్మము సంగతియైనచో తడిగుడ్డ, కాలమిన్ మొదటి ఉపశమనము. ముఖము వాచుట, బొబ్బలు, ఊపిరి బరువు కనబడిన వైద్యుని చూడక తప్పదు.

పొడి రంగులో మరియొక అపాయము కలదు, దానిని ఊహించువారు తక్కువ. 2015 జూన్ 27వ తేదీ రాత్రి తైవాను దేశములో తైపే నగర సమీపమున ఒక జలక్రీడా వనమునందు హోళీ ననుకరించి రంగుల వేడుక జరిగెను. వేలకొలది యువజనులపై మొక్కజొన్న పిండితో చేసిన రంగుపొడిని యంత్రములతో చల్లిరి. ఆ పొడిమబ్బు నిప్పంటుకొని క్షణములో అగ్నిగోళమయ్యెను. సుమారు 500 మంది కాలిరి. వారిలో 15 మంది మరణించిరి. ఆ పిండి విషము కాదు, నిత్యము వంటింట నుండునదియే. మెత్తని పిండి గాలిలో దట్టముగా తేలినపుడు నిప్పురవ్వ చాలును. హోళిక రగులుచుండగా గులాల్‌ను గుప్పిళ్ళతో మంటపై విసరుట, సిగరెట్టు ముట్టించుకొని పొడిమబ్బులో నడచుట, మూసిన హాలులో పంకాలకు ఎదురుగా పొడి ఎగురవేయుట ఇందుచేతనే కూడదు.

ఇక మోదుగ నీరు. కిరందుల్, బచేలీ కాలనీలలో నున్నవారికి ఇది అంగడి పని కానే కాదు. ఆదివారము ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని పోయి, చెట్టు క్రింద రాలిన పూలను ఏరుకొని వచ్చిన చాలును. కొమ్మలు విరువరాదు, రాలినవే చాలునన్ని యుండును. పురుగు, మట్టి దులిపి, నీడలో చాపపై నాలుగు దినములు ఆరబెట్టవలెను. పండుగ ముందునాటి రాత్రి నాలుగు దోసిళ్ళ పూలకు ఒక చిన్న బిందె నీరు చొప్పున మరగించి, మూతపెట్టి ఉంచవలెను. మరిగించునది మట్టికుండయో, స్టీలు గిన్నెయో కావలెను. ఇనుప బానలో కాచినచో ఇనుముతో కలిసి రంగు నల్లబడి చెడును. ఇనుపకొండల ప్రాంతమున ఈ సంగతి ముందుగా చెప్పుట అవసరము. కొందరు దానిలో చిటికెడు సున్నపుతేట వేయుదురు, నారింజ చాయ ముదురును. వేయకున్నను లోపము లేదు.

ఉదయమున గుడ్డతో వడగట్టి పిచికారీలలో నింపుకొనవచ్చును. పలుచని గుడ్డ ఒక్కటి చాలదు, రెండు మడతలు వేయవలెను, లేనిచో పూరేకుల నలుసు గొట్టములో అడ్డుపడును. పిల్లలు అప్పుడు పిచికారీ చెడిపోయినదని తండ్రుల వెంటబడుదురు. మిగిలిన ఎండుపూలను గుడ్డసంచిలో కట్టి తడి తగులని చోట వ్రేలాడదీసినచో మరుసటి ఫాల్గుణమునకు కూడ రంగు దిగును.